వెర్నా హ్రూస్కా చూపిన చీటీ

నెబ్రాస్కాలోని మా కళాశాల కుస్తీ జట్టు బట్టలను వెర్నా హ్రూస్కా ముప్పై ఒక్క ఏళ్ళు ఉతికింది. ఒక్కొక్క కుర్రాడి బట్టలనూ అతని నంబరున్న పట్టీకి గుచ్చి ఉతికి, ఆ పట్టీతోనే అతని కొక్కేనికి తగిలించడం ఆమె పద్ధతి. పట్టీ మీద ఏం వచ్చినా తిరిగి వెళ్ళాలి. ఏదైనా తగ్గితే, అది ఎవరి దగ్గరుందో వారిచేత చీటీ మీద సంతకం పెట్టించేది. మేజోడు పోయినా అంతే; అప్పుడు క్రీడాధికారి సంతకం.

కోచ్ రాట్లిఫ్ బరువు తగ్గించడానికని కుర్రాళ్ళకు రబ్బరు సూట్లు తొడిగి, బాయిలర్ గదిలో పరుగెత్తించేవాడు. అది ఏనాడో నిషేధించిన పని. ఫిబ్రవరి మూడున డాలస్ వోబొరిల్ అక్కడే స్పృహ తప్పి పడిపోయాడు. ప్రాణం దక్కింది. సంగతి బయటపడేలోపే రాట్లిఫ్ మరో రాష్ట్రంలో ఇంతకంటే పెద్ద పదవిలో చేరిపోయాడు.

మరుసటి ఏడు, కళాశాలల క్రీడలను పర్యవేక్షించే పైసంఘం విచారణ మొదలుపెట్టగానే, ఆ ఏటి జాతీయ పోటీలకు జట్టును పంపకుండా తనను తానే శిక్షించుకోవాలని కళాశాల తలపెట్టింది. అందుకు ఆమోదం తెలపవలసిన ముగ్గురిలో నేనొకడిని.

"మనమే ఒక దెబ్బ వేసుకుంటే పైసంఘం రెండోది వెయ్యదు," అన్నది మాలో ఒకరైన న్యాయవాది మార్జ్ లిండ్‌గ్రెన్.

"ఆ దెబ్బ ఎవరి వీపు మీదండీ?" అన్నాను. "వోబొరిల్‌కి ఇదే ఆఖరి ఏడు. పడిపోయిందీ వాడే, శిక్షా వాడికేనా?"

క్రీడాధికారి ప్రూయిట్ నవ్వాడు. "ప్రొఫెసర్ గారూ, మీకు లెక్కలు వచ్చు గానీ కుస్తీ రాదు. రాట్లిఫ్ చేసిన పని మాకెవరికీ తెలీదు. పోటీ మానుకుందాం, గొడవ వదిలిపోతుంది."

సూట్లు ఎన్నో చెప్పడానికని పిలిపించిన వెర్నా లేచి నిలబడింది.

"తెలీదా ప్రూయిట్? తడి సూటు తెచ్చి నీ బల్ల మీద పడేశానే! 'సీజన్ అయ్యేదాకా ఓపిక పట్టు వెర్నా' అనలా నువ్వు?"

"సబ్బు నురగ తలకెక్కినట్టుంది నీకు."

లిండ్‌గ్రెన్ గొంతు తగ్గించింది. "వెర్నా, ఆలోచించి మాట్లాడండి. మన అధికారులకు ముందే తెలుసని తేలితే దోషం కళాశాల మొత్తానిది అవుతుంది. ఒక్క ఏడు కాదు, మూడేళ్ళు పోతాయి. ఆ పిల్లల్ని మీరే ముంచినవాళ్ళవుతారు."

వెర్నా తలుపు వైపు చూసింది. దాని అవతల బల్ల మీద వోబొరిల్ కూర్చుని ఉన్నాడు. చేతిసంచిలోంచి ఒక చీటీ తీసి నా ముందు పెట్టింది.

పద్నాలుగో నంబరు పట్టీ. రబ్బరు సూటు ఒకటి తక్కువ. క్రీడాధికారి వద్ద ఉన్నది. జనవరి తొమ్మిది. కింద సంతకం.

"మేజోళ్ళ చీటీలు ఎన్ని పెట్టినా చదవకుండా గీకేవాడు. ఇదీ అట్లాగే గీకాడు," అంది.

ఆ సంతకాన్ని ప్రూయిట్ మాకు రాసిన ఉత్తరంలోని సంతకంతో పోల్చాను. తేడా లేదు. చదవకుండా సంతకం పెట్టాడని అనుకున్నా, సూటు అతని బల్ల మీదికి చేరిందన్నది నిజం. కుర్రాడు పడిపోవడానికి ఇరవై ఐదు రోజుల ముందే అతనికి తెలుసు.

తెలిసి ఊరుకున్నవాడిని తొలగించాలనీ, ఏమీ చేయని కుర్రాళ్ళను పోటీకి పంపాలనీ, ఆ చీటీని మేమే పైసంఘానికి అందజేయాలనీ ప్రతిపాదించాను. పైసంఘం ఇంకా కఠినంగా శిక్షించవచ్చునని లిండ్‌గ్రెన్ వ్యతిరేకించింది. ఆ భయం నాకూ ఉంది. మా మూడో సభ్యుడు నాతో కలవడంతో ఇద్దరి మాట నెగ్గింది.

ఇక వెర్నా సంగతి మిగిలింది. ఫిర్యాదు చేసేలోపు ఆ సూట్లను ఉతికి, ఆరబెట్టి, తిరిగి ఇచ్చింది ఆమే. ఆ సీజన్ ముగిసేవరకు ఆమెను జట్టుకు దూరంగా ఉంచుతూ ఉత్తర్వు నేనే రాశాను. వోబొరిల్ ఆఖరి పోటీ ఆమె చూడలేదు.

ఉత్తర్వును ఆమె నిలబడే రెండుసార్లు చదివింది.

"ఫిర్యాదుకు ముందు 'దాదాపు నెల' ఉతికానని రాశారు. ఏడు వారాలు ఉతికానండీ," అంటూ కాగితం వెనక్కి ఇచ్చింది. "సరిగ్గా రాయండి."

సరిచేసి, మళ్ళీ సంతకం పెట్టాను.