గడుసుగా పడవ ఎక్కించిన కేసు

2009 జూలై 6, సోమవారం నాడు ఒక ఫిర్యాదుపై నన్ను విచారణాధికారిగా వేశారు. అప్పుడు నేను ఏలూరులో మా శాఖ జిల్లా కార్యాలయంలో సూపరింటెండెంటును. కొల్లేరు లంక గ్రామంలో అంగన్‌వాడీ కార్యకర్త మరియమ్మ మీద ఆమె సూపర్‌వైజర్ ఇచ్చిన ఫిర్యాదు అది. రుజువైతే మరియమ్మ ఉద్యోగం పోతుంది.

ఫిర్యాదు నాలుగు పేజీలు. అందులో ‘గడుసుగా’ అన్న మాట పదకొండు సార్లు వచ్చింది. అమాయకంగా కనిపిస్తూ తన పని జరిపించుకోవడాన్ని గడుసుగా చేయడం అంటాం. మా వైపు పిల్లల్ని మెచ్చుకుంటూ అంటారు, కోడళ్లను తప్పుపడుతూ అంటారు.

సూపర్‌వైజర్ తాడేపల్లిగూడెంలో ఉండేవారు. నెలకొకసారి కేంద్రానికి వెళ్లి, పిల్లల బరువులు దగ్గరుండి తూయించి, సందర్శన రిజిస్టరులో సంతకం చేయడం ఆవిడ విధి. లంకకు పడవ మీద వెళ్లాలి. ఆవిడ రేవు దాకా వచ్చి, రిజిస్టరు అక్కడికే తెప్పించుకుని సంతకం చేసి వెళ్లేవారు. జూన్‌లో మరియమ్మ రిజిస్టరు తేలేదు.

“తడిసిపోతుందని సెంటర్లోనే ఉంచేశానండీ. మీకోసం పడవ తెచ్చానండీ, ఎక్కండి,” అందట.

రేవులో పదిమంది చూస్తున్నారు. ఆవిడ ఎక్కక తప్పలేదు. అవతల ఇరవై ముగ్గురు పిల్లలు తూకానికి సిద్ధంగా ఉన్నారు. తిరిగి వచ్చేసరికి మధ్యాహ్నం రెండున్నర అయింది. చీర పాడయింది.

అభియోగంలో చేసిన పని ఉండాలి, తేదీ ఉండాలి. ‘గడుసుగా’ అన్న మాట, దాని చుట్టూ ఉన్న వర్ణన తీసేసి మళ్లీ రాయమని సూపర్‌వైజర్‌కు చెప్పాను. నాలుగు పేజీలు మూడు వాక్యాలయ్యాయి. రిజిస్టరు కేంద్రంలో ఉంచింది. పడవ తెచ్చింది. పిల్లలను తూకానికి నిలబెట్టింది.

ఆవిడ రాసింది ఆవిడే రెండుసార్లు చదువుకున్నారు.

“ఇలా రాస్తే తప్పేమీ కనపడ్డం లేదండీ,” అన్నారు.

“నాకూ కనపడలేదండీ,” అన్నాను.

ఫిర్యాదు ఉపసంహరించుకుంటున్నట్టు రాసిచ్చారు. రేవులో పెట్టిన సంతకాల సంగతి నేను విడిగా పైకి రాసి పంపాను.

కాగితాల మీద సంతకాలయ్యాక మరియమ్మను అడిగాను.

“నిజం చెప్పమ్మా, గడుసుగానే చేశావా?”

“చేశానండీ. మూడేళ్లు మర్యాదగా అడిగి చూశానండీ.”

విచారణ అప్పటికే ముగిసింది కనుక ఇది రికార్డులోకి ఎక్కలేదు.

ఆ తర్వాత రిటైరయ్యే వరకు ఏ ఫిర్యాదు వచ్చినా ముందు ఇలాంటి మాటలు తీసేసి చదివేదాన్ని. ఫిర్యాదు చేసినవారు ఎంత ఇబ్బంది పడ్డారో వాటివల్ల తెలుస్తుంది. అవతలివారు ఏం తప్పు చేశారో తెలియదు.