ఎల్కేజీ సీటూ, నా మంచి ఎదురూ

ఆ రోజుల్లో పిల్లాడికి ఎల్కేజీలో సీటు రావాలంటే తెలివితేటలతో పనిలేదు, అదృష్టం ఉంటే చాలు. (ఇప్పుడూ అంతే. కాకపోతే అదృష్టం ఫోన్‌కి మెసేజ్‌గా వస్తోంది.) రాజమండ్రిలో మా అక్కావాళ్ళు ఉండే సందుకి దగ్గర్లో ఓ స్కూలు ఉండేది. ఫీజు తక్కువ, పేరు ఎక్కువ. సీట్లు గుప్పెడు, అప్లికేషన్లు గంపెడు. అందుకని ఏటా వేసవికి ముందు స్కూలు గ్రౌండులో అందరి ఎదుటా డ్రమ్ములో చీటీలు వేసి లాటరీ తీసేవారు. పేరొచ్చినవాళ్ళు గట్టెక్కినట్టు, రానివాళ్ళు వెయిటింగ్ లిస్టులో పడ్డట్టు. వెయిటింగ్ లిస్టు అనేది రైలు టిక్కెట్టుకే ఉంటుందని నేననుకునేదాన్ని. నాలుగేళ్ళు నిండని పిల్లాడికి కూడా ఉంటుందనీ, దాన్ని తలుచుకుని ఇంటిల్లిపాదీ అన్నం సహించక కూర్చోగలరనీ అప్పుడే తెలిసింది.

అప్పటికి నేను డిగ్రీ పూర్తిచేసి, బ్యాంకు పరీక్షలకి చదువుతున్నానన్న వంకతో అక్కగారింట్లో మకాం పెట్టాను. పరీక్షలు రాస్తూనే ఉన్నాను, అవి పోతూనే ఉన్నాయి. ఇంట్లో నాకంటూ ఉన్న ఒకే ఒక్క గౌరవం, నా ఎదురు మంచిదని సందులో పేరు రావడం. అదెలా వచ్చిందంటే, ఓ పొద్దున్న నేను పాల ప్యాకెట్లు పట్టుకుని వస్తుంటే పక్కింటి ప్లీడరుగారు ఏదో పాత స్థలం రిజిస్ట్రేషనుకి బయల్దేరుతూ నాకు ఎదురయ్యారట. ఏళ్ళతరబడి తేలని ఆ వ్యవహారం మధ్యాహ్నానికల్లా తేలిపోయింది. తేలింది ఆయన తిరిగిన తిరుగుళ్ళ వల్ల, పేరొచ్చింది నాకు. ఆ తర్వాత ఆయన భార్య, మేమందరం ఆంటీ అనేవాళ్ళం, వాళ్ళ చెల్లెలి పెళ్ళిచూపులకి వెళ్తూ నన్ను గేటు దగ్గర నిలబడమన్నారు. సంబంధం కుదిరింది. దాంతో నా దశ తిరిగింది. కొత్త బండి కొన్నా, ఇంటర్వ్యూకి వెళ్తున్నా, ఆఖరికి పన్ను పీకించుకోడానికి వెళ్తున్నా, "అమ్మాయ్, ఒక్కసారి అలా ఎదురు రామ్మా" అని కబురొచ్చేది. నేను జడలు సవరించుకుని, మొహంలో కాస్త మహాలక్ష్మి కళ తెచ్చుకుని (అద్దం ముందు ప్రాక్టీసు కూడా చేసేదాన్ని) వెళ్ళేదాన్ని.

ఆ ఏడు లాటరీకి మా సందులోంచి నలుగురు పిల్లలు ఉన్నారు. అందులో ఒకడు ప్లీడరుగారబ్బాయి, ఒకడు మా అక్క కొడుకు చిట్టిగాడు. అక్కేమో గవర్నమెంటు బళ్ళో సైన్సు టీచరు. "ఇవన్నీ మూఢనమ్మకాలే పిచ్చిదానా. చీటీకి కళ్ళుంటాయా?" అంది ముందురోజు సాయంత్రం. తర్వాత కాసేపు కూర తరిగి, "అయినా రేపు మేం బయల్దేరేటప్పుడు నువ్వు గేటు దగ్గర ఉండు. ఊరికే" అంది. ఈ లోపల మిగతా మూడిళ్ళ వాళ్ళూ విడివిడిగా వచ్చి, ఎవరికీ చెప్పొద్దని చెప్పి మరీ నన్ను బుక్ చేసుకుని వెళ్ళారు. ప్లీడరుగారైతే చట్టం తెలిసినాయన కాబట్టి ఇంకో మాట కూడా అన్నారు. "ముందు ఎవరికి ఎదురొస్తే వాళ్ళకే పూర్తి ఫలం అమ్మా. తర్వాతవన్నీ మిగులే."

నలుగురికీ ఒకటే లాటరీ, ఉన్నవేమో కాసిని సీట్లు. నా ఎదురు నిజంగా అంత మంచిదైతే ఒకరికొచ్చే సీటు ఇంకొకరికి పోవాలిగా అన్న అనుమానం నాకు రాకపోలేదు. వచ్చింది. కానీ పేరు ప్రతిష్ఠలున్నవాళ్ళు అలాంటి అనుమానాలు పైకి చెప్పరు. పొద్దున్నే పాల ప్యాకెట్లు పట్టుకుని సందు మొదట్లోంచి వచ్చాను. ప్లీడరుగారు బండి మీద ప్రసన్నంగా తలూపి వెళ్ళారు. వెంటనే వెనక సందులోంచి పరుగెత్తి, చుట్టూ తిరిగి మళ్ళీ మొదట్లోంచి వచ్చాను, ఇంకొకళ్ళు. మళ్ళీ పరుగు. అవే పాలు, అదే నేను, మహాలక్ష్మి కళ మాత్రం ప్రతి చుట్టుకీ తగ్గుతోంది. ఆఖరికి అక్కా బావా చిట్టిగాణ్ణి తీసుకుని గేటు తీసే వేళకి, నేను రొప్పుతూ వచ్చి కాలు తట్టుకుని, ప్యాకెట్టు పగిలి, పాలన్నీ వాళ్ళ కాళ్ళ ముందు పారించాను. సైన్సు టీచరు మొహం పాలిపోయింది. "ఏం లేదు, ఏం లేదు, గురుత్వాకర్షణ" అంది అక్క. గొంతులో మాత్రం సైన్సు లేదు.

నలుగురిలో ఒక్కరికీ రాలేదు. మా చిట్టిగాడి పేరు వెయిటింగ్ లిస్టులో ఉంది, మిగతావాళ్ళది అక్కడా లేదు. ఆ సాయంత్రం మా గేటు దగ్గర ఓ విచారణ జరిగింది. నేను నవ్వుతూ వచ్చానా, ముభావంగా వచ్చానా? తలస్నానం చేశానా? "అసలు పాలు తిరిగి తిరిగి విరిగిపోయి ఉంటాయండి" అన్నారు ఆంటీ. మర్నాడు కోచింగుకని బయటికొచ్చేసరికి, ప్లీడరుగారు స్టార్టు చేసిన బండి ఆపేసి, నన్ను చూడనట్టే లోపలికెళ్ళి, కూర్చుని మంచినీళ్ళు తాగి, మళ్ళీ బయల్దేరారు. తర్వాత ఇంకొకళ్ళు. నాకు మొదట నవ్వొచ్చింది. మూడో రోజుకి, సందులో ఎవరూ లేరని చూసుకుని గానీ గేటు తీయడం మానేశాను.

మా కింద వాటాలో ఇంటివాళ్ళు ఉండేవారు. ఇంటాయన అమ్మగారిది కోనసీమ. సందులో చిన్నా పెద్దా అందరికీ ఆవిడ మామ్మగారే. అక్క బడికెళ్తే చిట్టిగాణ్ణి చూసుకునేది ఎక్కువగా ఆవిడే. (చూసుకోవాల్సింది నేను. నేను చదువుకోవాలిగా.) ఓ పొద్దున్న నేను గేటు దాకా వెళ్ళి, ఎవరో బయల్దేరుతున్నారని వెనక్కొచ్చేస్తుంటే, ఆవిడ తలుపు చాటు నుంచి పిలిచారు.

"ఇలా వచ్చి కూర్చోవే. ప్లీడరు బండి అంత తొందరగా స్టార్టవదు. వెళ్ళాక చెప్తాను, అప్పుడు వెళ్దువుగాని."

"మీరెందుకండీ ఇక్కడ నిలబడ్డారు?" అన్నాను.

"నేనెప్పుడూ ఇక్కడేగా" అన్నారావిడ, ఏమీ విశేషం లేనట్టు. "మావారు పోయినప్పట్నుంచీ ఎవరైనా శుభమా అని బయల్దేరుతుంటే ఇటొచ్చేస్తాను. ఎవరూ చెప్పక్కర్లేదు, మనకే తెలుస్తుంది. నీకింకా కొత్త, అందుకే మొహం అలా పెట్టావు."

అన్నాళ్ళూ నేను గేటు దగ్గర వయ్యారంగా ఎదురొస్తుంటే, ఆ పక్కనే తలుపు వెనకాల ఆవిడ ఉండేవారన్నమాట. నేను చూడనేలేదు. సిగ్గేసింది. ఆ పైన మేమిద్దరం రోజూ తలుపు చాటున కూర్చుని కందిపప్పు ఏరుకుంటూ, బయల్దేరేవాళ్ళ అడుగుల్ని బట్టి ఎవరో చెప్పుకునేవాళ్ళం. ఆంటీగారి నడక, ఆవిడ మాట కన్నా ముందే వినిపించేదని మామ్మగారు అంటే నవ్వాపుకోలేక చచ్చేదాన్ని.

వేసవి సెలవులయ్యి బళ్ళు తెరిచాక, అలాంటి ఓ ఉదయం నా ఫోన్ మోగింది. స్కూలు నుంచి. ఎవరో బదిలీ అయి వెళ్ళిపోతున్నారట, సీటు ఖాళీ అయింది. "బాబు వాళ్ళమ్మగారు ఫోన్ ఎత్తడం లేదండి, అప్లికేషన్లో మీ నంబరు ఉంది. పన్నెండింటిలోగా బాబుని తీసుకుని పెద్దవాళ్ళు ఎవరైనా రావాలి. లేకపోతే తర్వాతి పేరు పిలుస్తాం" అన్నారు. అక్కకి చేస్తే ఎత్తలేదు, క్లాసులో ఉంది. బావ రామచంద్రపురంలో, ఆఫీసు పనిమీద. చిట్టిగాడేమో మామ్మగారి ఒళ్ళో కూర్చుని ఆవకాయన్నం తింటున్నాడు. ఆవిడ లేకుండా రానన్నాడు. అసలు రెండు జడలు వేసుకున్న నన్ను పెద్దవాళ్ళలో కలుపుతారన్న నమ్మకం నాకూ లేదు.

"మీరూ రండి మామ్మగారూ" అన్నాను.

ఆవిడ కంగారుపడిపోయారు. "శుభమా అని పిల్లాడు బడికెళ్తుంటే నేనెందుకే? పోనీ నువ్వు ముందెళ్ళు. నేను వెనకాల నడిచొస్తాను."

"నేను ముందా? నా సంగతి తెలిసి కూడా?"

"నాకన్నా నువ్వే నయం, వెళ్ళు."

"కాదండీ, మీరే నయం. మీ ఎదురుతో చీటీలేం పోలేదుగా."

ఇలా గడప దగ్గర ఒకరికొకరు మర్యాద చేసుకుంటూ నిలబడ్డాం. గడియారం మా కోసం ఆగడం లేదు. చిట్టిగాడు మా ఇద్దరి మొహాలూ చూసి, విసుగొచ్చి, ఎర్రటి మూతితో మధ్యలోంచి దూరి బయటికి పరుగెత్తాడు. వాణ్ణి పట్టుకోడానికి ఇద్దరం ఒక్కసారే బయటపడ్డాం. అలా ముందెవరన్నది తేలకుండానే ఆటో ఎక్కేశాం. స్కూలు గేటు దగ్గర ఓ పిల్లి మాకు అడ్డంగా రాబోయి ఆగిపోయింది. (మా ఇద్దర్నీ కలిపి చూసేసరికి దానికే అనుమానం వచ్చుంటుంది.)

స్కూల్లో మేడమ్ చిట్టిగాణ్ణి పేరడిగారు. చెప్పలేదు. ఏం తిన్నావంటే చెప్పలేదు, మూతి చెప్పింది. "ఎవరితో వచ్చావు నాన్నా?" అంటే మాత్రం మామ్మగారి కొంగు పట్టుకుని, "మా మామ్మ" అన్నాడు. ఆవిడ, "నేను వీళ్ళ ఇంటివాళ్ళ అమ్మనండి" అని ఏదో సర్దిచెప్పబోయారు. మేడమ్ వినిపించుకోలేదు. "కాయితాల సంగతి ఈ అమ్మాయి చూస్తుందిగాని, మామ్మగారూ, మీరే వాణ్ణి క్లాసులో కూర్చోబెట్టి రండి. మొదటిరోజు అలవాటైనవాళ్ళు తీసుకెళ్తే ఏడవరు" అన్నారు.

మామ్మగారు నా వంక చూశారు. "వెళ్ళండి" అన్నాను. ఆవిడ కొంగుతో వాడి మూతి తుడిచి, జుట్టు సర్ది, వేలు పట్టుకుని వరండాలోంచి నడిపించుకుని వెళ్ళారు. తలుపు దగ్గర ఓ క్షణం ఆగి, వాడితో పాటే లోపలికి అడుగు పెట్టారు. నాకు ఏడుపొచ్చింది. సీటు వచ్చినందుకే అనుకున్నాను అప్పుడు.

మేం తిరిగొచ్చేసరికి కబురు ఎలా తెలిసిందో ఆంటీ గేటు దగ్గరే ఉన్నారు. సీటు ఎలా వచ్చిందని కాదు, ఆవిడ అడిగింది వేరే.

"ఎవరెదురొచ్చారు మామ్మగారూ?"

"ఎవరూ రాలేదమ్మా" అన్నారావిడ, చెప్పులు విడుస్తూ. "నేనే తీసుకెళ్ళాను."

మా సందు బాగుపడిందని మీరనుకుంటే పొరపాటు. నెల తిరక్కుండా ఆంటీ వాళ్ళబ్బాయిని ఇంకో స్కూలుకి తీసుకెళ్తూ వచ్చి, "మీరొక్కసారి ఎదురు రాగలరా?" అని మామ్మగారినే అడిగారు. నేను తప్పకుండా కాదంటారనుకున్నాను. ఆవిడ లోపలికెళ్ళి, ఇస్త్రీ చీర కట్టుకుని, అరగంట తర్వాత వచ్చారు. అంతసేపూ ప్లీడరుగారు బండి ఆపుకుని నిలబడ్డారు.

ఇప్పుడు చిట్టిగాడు నాకన్నా పొడుగు, ఇంజనీరింగు. మామ్మగారు పోయి చాలా ఏళ్ళయింది. నేను ఎట్టకేలకి బ్యాంకులో చేరాను, మా అమ్మాయికి ఈ ఏడు ఎల్కేజీ. లాటరీ కంప్యూటరు తీసింది, మేం వెయిటింగ్ లిస్టులో ఉన్నాం. ఓసారి కనుక్కుందామని ఇవాళ పొద్దున్న దాన్ని తీసుకుని బయల్దేరాను. గేటు తీశాక, ఇంత చదువూ చదివి, ఇంత చూసీ, ఎవరైనా మంచి మనిషి ఎదురొస్తారేమోనని అలా నిలబడిపోయాను. సందులో ఎవరూ లేరు. మామ్మగారు ఉంటే బాగుండుననిపించింది. "ఎవరికోసం అమ్మా ఆగావు?" అంది మా అమ్మాయి. నవ్వాను. అదీ నవ్వి, నాకన్నా ముందు బయటికి నడిచింది.