జీడి తాగిన ఇనుము

కరోనా తగ్గిన తరువాతి వేసవిలో, జీడిపిక్కల పని ముమ్మరంగా సాగే రోజుల్లో, నన్ను పూండి దారిలోని ఒక జీడి ఫ్యాక్టరీకి పంపించారు. అప్పటికి నేను పలాసలో ఒక ఫ్యాబ్రికేషన్ షాపులో వెల్డింగు ఫోర్‌మన్‌ని. రిటైర్మెంటుకు ఇంకా రెండేళ్ళుంది. వెల్డరు వేసిన అతుకును పరీక్షించి, బాగుంటే దాని పక్కన ఇనుములో దిగేలా నా నంబరు పంచి కొట్టడం నా పని. నా నంబరు పందొమ్మిది. ఆ నంబరున్న అతుకు విడిపోయిందని నా సర్వీసులో ఒక్క కబురు రాలేదు. గొప్పకు చెప్పడం లేదంటే అబద్ధమవుతుంది, గొప్పకే చెబుతున్నాను.

చెడిపోయింది కుక్కరు. పచ్చి పిక్కలను ఆవిరితో ఉడికించే నిలువెత్తు ఇనుప పాత్ర అది. అడుగు ప్లేటు అతికిన చోట జానెడు పగులు వచ్చి ఆవిరి చిమ్ముతోంది. దాని ముందు రోజంతా నిలబడి పిక్కలు దించే మనిషి సింహాచలమ్మ, యాభై దాటినావిడ. పగులు తెరుచుకుంటే ఆవిరి సూటిగా ఆవిడ కాళ్ళ మీదికే వస్తుంది.

నాతో వచ్చిన వెల్డరు తాతారావు. షాపులో అతన్ని మించిన చెయ్యి లేదు. పగులును గ్రైండరుతో కోసి గాడి తీశాడు. మా వైపు, పిక్క తొక్కలోంచి కారి చర్మాన్ని కాల్చే జీడి నూనె అంటిన దేన్నయినా, చేతులైనా కత్తయినా, కిరోసిన్‌తో తుడుస్తాం. గాడిని కూడా అలాగే తుడిపించి, ఆరాక వెల్డింగు వేయించాను. చల్లారాక చూస్తే అతుకు నిండా సూది మొన దూరేంత చిల్లులు. వెల్డింగు రాడ్లు చెమ్మ పట్టి అలా వచ్చాయనుకున్నాం. షాపు నుంచి ఓవెన్‌లో కాల్చిన రాడ్లు తెప్పించి, వేసినదంతా కోసేసి, మళ్ళీ కిరోసిన్‌తో తుడిచి, మళ్ళీ వేశాం. చిల్లులు తగ్గకపోగా పెరిగాయి. తాతారావు మొహం మాడిపోయింది. నాకు తల కొట్టేసినట్టయింది.

ఫ్యాక్టరీ యజమాని నాకు వరసకు బావ. ఆ వరసతోనే మొహమాటపెట్టాడు. "పైన ఇంకో పూత లాగించీ బావా, సిల్లులు కప్పడిపోతాయి. ఈ కుక్కరాగితే అందరికీ పనాగిపోతాది" అన్నాడు. పైకి కప్పడినా లోపల చిల్లు అలాగే ఉంటుందని, అలాంటి దాని మీద నా పంచి పడదని చెప్పాను. అతను మొహం తిప్పుకుని ఆఫీసులోకి వెళ్ళిపోయాడు.

గోడవార కూర్చుని అంతా చూస్తున్న సింహాచలమ్మ అప్పుడు నోరు విప్పింది. "ఆ ఇనుం జీడి తాగేసింది బాబూ. పైపైన తుడిత్తే ఏటవుతాది? నాను రోజూ పొద్దున్న తుడిత్తాను. వేడెక్కినాక సెమటోసినట్టు మల్లీ వొత్తాది. కిరసనాయిలు మాత్రం ఎయ్యకండి, మరీ లోపలికి పోతాది" అంది. జీడికి పగిలిన చేతులకు కిరోసిన్ రాస్తే అది పగుళ్ళలోకి దిగి ఇంకా మండుతుందని, తాను రాయడం ఎప్పుడో మానేశానని చెప్పింది.

నాకు నిజంగా సిగ్గేసింది. అడుగు ప్లేటు వెనక, బలానికని వేసిన ఇనుప పట్టీ ఒకటి ఉంది. ఏళ్ళ తరబడి దాని సందులో నూనె చేరింది. మేము రాసిన కిరోసిన్ ఆ నూనెను పల్చబరిచి ఇంకా లోపలికి లాక్కుపోయింది. వెల్డింగు వేడికి అదంతా పొగై, కరిగిన లోహంలోంచి చిల్లులు చేసుకుంటూ బయటికొచ్చింది.

పట్టీని కోసి తీసేశాం. గ్యాసు మంటతో మెల్లగా వేడి చేస్తే ప్లేటులోంచి నూనె నల్లగా ఊరింది. తెల్ల గుడ్డతో తుడవడం, మళ్ళీ వేడి చేయడం, మళ్ళీ తుడవడం. పొగకు కళ్ళు మండిపోయాయి. మర్నాటి మధ్యాహ్నానికి గుడ్డ మీద మరక రాలేదు. ఆ గుడ్డను ముందు సింహాచలమ్మకు చూపించాను. అటూ ఇటూ తిప్పి చూసి, "ఇప్పుడెయ్యండి" అంది. తాతారావు వేశాడు. అంత శుభ్రమైన అతుకు అతని చేతి మీద కూడా అరుదే.

కొత్త పట్టీ బిగించాక హైడ్రో టెస్టు పెట్టాం. అంటే పాత్ర నిండా నీళ్ళు నింపి, మామూలుగా నడిచే ప్రెషరుకు ఒకటిన్నర రెట్లు ఎక్కించి, అరగంట ఆపి చూడడం. ప్రెషరు గేజి ముల్లు కదల్లేదు, ఒక్క చుక్క కారలేదు. బావ వచ్చి చూసి, ఆవిడ మాటే నెగ్గిందని ఒప్పుకున్నాడు.

పంచి కొడుతుంటే, అదేం నంబరని సింహాచలమ్మ అడిగింది. ఇది విడిపోతే అడగాల్సిన మనిషి నంబరని చెప్పాను. "అలగయితే నాను నిలబడొచ్చు" అని తన చోటికి వెళ్ళింది.

అప్పటినుంచి పాత పాత్ర రిపేరుకు ఎక్కడికి పిలిచినా, డ్రాయింగు అడిగే ముందు దాని దగ్గర పనిచేసేది ఎవరని అడిగేవాణ్ణి. రిటైరైన రోజున నా పంచిని షాపుకు అప్పగించేశాను. పందొమ్మిది మాత్రం ఆ కుక్కరు అడుగున ఇంకా ఉంది. సింహాచలమ్మ ఇంకా దాని ముందే నిలబడుతోంది.