యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసిన మంగళవారం

అది 2003, మే నెల. అప్పట్లో నేను ఖమ్మం జిల్లాలో, దమ్మపేట అవతల అడవి అంచున ఉన్న ఒక పోలీస్ స్టేషన్‌లో డ్రైవర్‌ని. పోలీసు డ్రైవర్ అంటే బండి తోలే మనిషి అనుకుంటారు చాలామంది. మేమూ కానిస్టేబుళ్లమే. యూనిఫాం, జీతం, పైవాళ్ల తిట్లు అన్నీ సమానమే, స్టీరింగ్ ఒక్కటే అదనం. పదిహేనేళ్ల సర్వీసులో నా చేతిలో ఏ బండికీ గీత పడలేదని నాకు కొంచెం గర్వం ఉండేది. ఇప్పటికీ ఉంది, దాచుకోవడం ఎందుకు?

ఆ రోజుల్లో అడవి దారుల్లో మందుపాతరల భయం. అందుకని పోలీసు జీపు ఎక్కేవాళ్లం కాదు. పైన లైటు, పక్కన పేరు లేని కిరాయి బండ్లలో, మఫ్టీలో, అంటే మామూలు బట్టల్లో తిరిగేవాళ్లం. లుంగీ, భుజాన తువ్వాలు, నాలుగు రోజుల గడ్డం. ఆ వేషం మమ్మల్ని కాపాడింది. ఎదుటివాళ్లకు మేమెలా కనిపిస్తామో మాత్రం మాలో ఒక్కరం కూడా ఆలోచించలేదు.

మా ఎస్సై గారు కొత్తగా వచ్చిన కుర్రాడు, వరంగల్ వైపు మనిషి. మంచివాడే, కానీ తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అనే రకం. ఆ మంగళవారం పదకొండు గంటలకు వైర్‌లెస్ సెట్‌లో కబురొచ్చింది. తెల్ల జీపులో టేకు దుంగలు పోతున్నాయి, మీ వైపే రావచ్చు అని. ఎస్సై గారు, హెడ్ కానిస్టేబుల్ యాదగిరి గారు, నేను కిరాయి బండి వేసుకుని అడవి రోడ్డు మీద ఒక కల్వర్టు దగ్గర వీసీ పెట్టాం. వీసీ అంటే వెహికల్ చెకింగ్, దారిన పోయే బండ్లను ఆపి చూడడం.

గంట తర్వాత తెల్ల జీపు వచ్చింది. వెనక టార్పాలిన్ కట్టి ఉంది. యాదగిరి గారు రోడ్డు మధ్యకు వెళ్లి తువ్వాలు ఊపారు. జీపు నెమ్మదించింది. ఎస్సై గారు దగ్గరికి నడిచారు. గాలికి చొక్కా లేచి నడుముకున్న పిస్టల్ కనిపించినట్టుంది, ఆ డ్రైవర్ ఒక్కసారిగా బండిని పక్కకు కోసి, యాదగిరి గారిని తప్పించి, దుమ్ము లేపుకుంటూ వెళ్లిపోయాడు.

"చూసినవా? గుమ్మడికాయ దొంగ అంటే భుజాలు తడుముకున్నడు! తొక్కు సత్యం, తొక్కు!" అని ఎస్సై గారు ఎగిరి బండెక్కారు.

తొక్కాను. అబద్ధం చెప్పను, మొదటి రెండు కిలోమీటర్లు నాకూ ఉత్సాహంగానే ఉంది. ముందు బండి పారిపోతుంటే వెనక బండి డ్రైవర్‌కి బుర్ర పనిచేయదు, కాలు ఒక్కటే పనిచేస్తుంది. మేం దగ్గరయ్యే కొద్దీ ఆ జీపు ఇంకా వేగం పెంచింది. మూల మలుపులో దాని వెనక చక్రం రోడ్డు దిగి మళ్లీ ఎక్కింది. అప్పుడు టార్పాలిన్ ఒక పక్క ఊడి, లోపలి నుంచి పసుపు రంగు చీర కొంగు బయటికొచ్చి ఎగిరింది.

టేకు దుంగలు చీర కట్టవు కదా!

అదే సమయంలో ఇంకోటి గుర్తొచ్చింది. ఆ రోజు మంగళవారం. ముందు పల్లం, పల్లం దిగగానే సంత. మిట్ట మధ్యాహ్నం ఆ రోడ్డుకి రెండు పక్కలా కాదు, రోడ్డు మీదే కూర్చుంటారు జనం. కోళ్లు, ఎండు చేపలు, ఉప్పు, చంటిపిల్లలు అన్నీ అక్కడే.

"సార్, అండ్ల మనుషులున్నరు. ముందర సంత ఉంది," అన్నాను.

"మనుషులుంటే ఏంది? దుంగల మీద కూసుంటరు మనుషులు. నువ్వు పోనీ, నేను టైరుకు కొడ్త," అని ఆయన పిస్టల్ తీసి చెయ్యి బయట పెట్టారు.

నేను యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీశాను. బండిని పక్కకు లాగి, ఆపి, తాళంచెవి తీసి గుప్పెట్లో పెట్టుకున్నాను. నాకు ఇద్దరు పిల్లలు, ఇంకా కట్టని ఇల్లు. పైవాడి ఆర్డర్‌ని కాదన్న కానిస్టేబుల్‌కి ఏమవుతుందో నాకు బాగా తెలుసు.

"ఏం చేసినవో తెలుస్తుందా నీకు?" అన్నారు ఎస్సై గారు.

"తెలుసు సార్. ఎంబడి పడ్డంత సేపు వాడు ఉరుకుతనే ఉంటడు. మనం ఆగితే వాడే నిమ్మళమైతడు."

"నిమ్మళమై ఇంటికి పోయి పండుకుంటడు! నీకు మెమో ఇస్త. సస్పెండ్ చేయిస్త."

వెనక సీట్లోంచి యాదగిరి గారు మెల్లగా, "పరుగెత్తి పాలు తాగే కన్న నిలబడి నీళ్లు తాగుడు మేలు సార్," అన్నారు. ఎస్సై గారు ఆయన వైపు చూసిన చూపుకి నీళ్లు కూడా దక్కవని అర్థమైంది. కల్వర్టు దగ్గరికి తిరిగొచ్చి ఇంకో రెండు గంటలు ఎండలో నిలబడ్డాం. దుంగలు రాలేదు, తెల్ల జీపూ తిరిగి రాలేదు.

మూడింటికి స్టేషన్‌కి చేరాం. గేటు దాటగానే నా కాలు బ్రేకు మీద పడింది. మా ఆవరణలో, వేపచెట్టు నీడలో, అదే తెల్ల జీపు నిలబడి ఉంది.

మేం దిగామో లేదో వరండాలోంచి కేకలు. "వీళ్లే! అయ్యా, వీళ్లే దొంగలు!" ఒక ముసలమ్మ చంటిపిల్లను ఛాతీకి అదుముకుని గోడకి అతుక్కుపోయింది. సెంట్రీ, అంటే గేటు కాపలా కానిస్టేబుల్, పరిగెత్తుకొచ్చి ఎస్సై గారికి సెల్యూట్ కొట్టాడు.

ముసలమ్మ నోరు తెరిచింది. "ఇదేం ఠాణా అయ్యా! దొంగలకు సెల్యూట్ కొడ్తున్నవేంది?"

సంగతి ఇది. వాళ్లు వేంసూరు వైపు రైతు కుటుంబం. మనవరాలి పుట్టువెంట్రుకలు తీయించడానికి భద్రాచలం పోతున్నారు. జీపులో పదకొండు మంది, ముసలమ్మ పేరు లచ్చమ్మ. అడవి రోడ్డులో లుంగీలు కట్టిన ముగ్గురు గడ్డపు మనుషులు తువ్వాలు ఊపి ఆపారు, ఒకడి నడుముకి తుపాకి ఉంది. ఎవరైనా ఏమనుకుంటారు? డ్రైవర్ నాగరాజు దొంగలనుకుని దౌడు తీశాడు. సంత దాటి, ఎదురైన మొదటి మనిషిని పోలీస్ స్టేషన్ ఎక్కడని అడిగి, నేరుగా మా దగ్గరికే వచ్చాడు. అంటే అతను పారిపోయింది మా నుంచే, వచ్చింది మా దగ్గరికే. స్టేషన్ రాతపనులు చూసే మా రైటర్ అప్పటికే సగం ఫిర్యాదు రాశాడు. అందులో నన్ను "లావుపాటి దొంగ" అని వర్ణించారు. అది నాకు ఇప్పటికీ అభ్యంతరమే.

ఎస్సై గారు తన గుర్తింపు కార్డు తీసి లచ్చమ్మకి చూపించారు. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి, "గిట్ల కాయితం చూపెట్టి ఆపొచ్చు గద బిడ్డా. తువ్వాలేంది?" అంది. ఆయన కార్డు తీసుకుని జేబులో పెట్టుకున్నారు. నాకు మాత్రం నవ్వొచ్చింది.

ఆ నవ్వు నాగరాజు మాటతో ఆగిపోయింది. "సార్, మీరు మధ్యలో ఎందుకు ఆగిన్రో గని, దేవుడు ఆపినట్టు ఆపిన్రు. మలుపు కాడ్నే బ్రేకు దిగిపోయింది. పెడల్ కింది దాకా పోయింది. మీరు ఎనక లేరని చూసినంక గేర్లు దించుకుంట, దించుకుంట, సంత మొగదల రాళ్ల కుప్పకు ఆనించి ఆపిన. కోళ్ల గంపకు జానెడు దూరం. ఆడ్నుంచి మొదటి గేరులనే మెల్లగ ఈడి దాకా వచ్చిన. మీరు ఎనకనే ఉంటే నేను ఆపేటోణ్ణా సార్?"

ఎస్సై గారు జీపు దగ్గరికి వెళ్లి, వంగి, పెడల్‌ని తన చేత్తోనే నొక్కి చూశారు. అది మెత్తగా కిందికి దిగిపోయింది. మళ్లీ ఒకసారి నొక్కారు. లేచాక మొహంలో నెత్తురు లేదు.

లచ్చమ్మ మాత్రం తన లోకంలో ఉంది. దొంగలకు దొరక్కుండా నానుతాడు, గాజులు, కమ్మలు అన్నీ పులిహోర గిన్నెలోకి కుక్కిందట. స్టేషన్ వరండాలో పులిహోర తవ్వి నగలు వెతికారు. ఒక కమ్మ దొరకలేదు. "తినుకుంట చూద్దాం," అని ఆమె మా అందరికీ విస్తళ్లలో పెట్టింది. ఎస్సై గారి విస్తరిలో దొరికింది ఆ కమ్మ. "దొంగసొత్తు రికవరీ అయింది సార్," అన్నారు యాదగిరి గారు. పొద్దుటి నుంచి మొదటిసారి ఎస్సై గారు నవ్వారు. ఈలోగా నేనూ నాగరాజూ మెకానిక్‌ని పిలిపించి బ్రేకులు బాగు చేయించాం.

సాయంత్రం ఎస్సై గారు నన్ను గదిలోకి పిలిచి నిజంగానే మెమో ఇచ్చారు. "వెంటాడకుండా బండి ఎందుకు ఆపితివి? సంజాయిషీ ఇమ్ము." నేను ఒక్క ముక్క రాసిచ్చాను: "ముందు బండిలో ఎవరున్నారో తెలియదు గనుక." ఆయన చదివి, కింద "అంగీకరించితిని" అని రాసి సంతకం పెట్టారు. "చింపేయొచ్చు సత్యం. గని నా చేతిరాత ఫైల్‌ల ఉండాలె," అన్నారు. మర్నాటి నుంచి మా స్టేషన్‌లో బండి ఆపే మనిషి లుంగీ మీదైనా సరే ఖాకీ చొక్కా వేసుకోవాల్సిందే.

తర్వాత కొత్త డ్రైవర్లకు నేర్పేటప్పుడు ఈ కథ చెబితే వాళ్లు ఊరుకోరు. "ఎంబడి పడకపోతే దొంగలకు అలవాటైపోదా అన్నా?" అంటారు. న్యాయమైన ప్రశ్నే. ఆ టేకు దుంగలు ఆ రోజు ఏ దారిన పోయాయో నాకు నేటికీ తెలియదు. పిల్లనెత్తుకుపోయేవాడి వెనక నేనూ తొక్కుతాను, అందులో రెండో మాట లేదు. కానీ ఉరికే ప్రతివాడూ దొంగ కాదు. భయపడ్డవాడూ ఉరుకుతాడు. దుంగలు పోతే ఇంకో నాకాలో, అంటే ఇంకో తనిఖీ చోట, దొరుకుతాయి. ఎందుకు తొక్కుతున్నానో నోటితో చెప్పలేనప్పుడు కాలు తీసేయాలి. నాకు తెలిసిన సూత్రం ఇంతే.

మూడో రోజు ఆ జీపు భద్రాచలం నుంచి తిరిగి వెళ్తూ మా గేటు ముందు ఆగింది. నాగరాజు హారన్ కొట్టాడు. లచ్చమ్మ దిగి నా చేతిలో ప్రసాదం పెట్టి, మనవరాలిని కూడా చేతికిచ్చింది. "ఎత్తుకో లావుపాటి దొంగా," అంది. గంధం పూసిన గుండుతో ఆ పిల్ల నా మీసాలు పట్టుకుని గుంజింది. నేను ఆ గుండు మీద చెయ్యి వేసి నెమ్మదిగా నిమిరాను. ఎక్కడా ఒక్క గీత లేదు.