అక్కయమ్మ చెయ్యి పెట్టి చూసిన ఇంజను

కైవారలో ఎవరింట్లో కొత్త తపేలా కొన్నా, దాన్ని వేలితో తట్టి చూడందే అక్కయమ్మకు నిద్ర పట్టదు. అలాంటి మనిషిని ఇంట్లో వదిలేసి, ఆమె మొగుడు పిళ్ళప్ప ఒక్కడే చింతామణికి పోయి, కృష్ణప్ప అనే రైతు అమ్మకానికి పెట్టిన, నీళ్ళు తోడే పాత ఆయిలింజను చూసొచ్చాడు.

అవసరం నిజమే. బావిలోంచి నీళ్ళు తోడే కపిలను లాగే ఎద్దుల్లో ఒకటి కుంటిదయింది. బావిలో నీళ్ళున్నా మడికెక్కక ఎర్రగడ్డ పైరులో ఉల్లికాడల కొసలు మాడుతున్నాయి. ఇంకో వారం ఆగితే పీకి పశువులకు వెయ్యాల్సిందే.

పిళ్ళప్ప అక్కడే మెకానిక్కు సూర్యప్రకాశ్‌తో ఇంజను పరీక్ష చేయించాడు. అతను కాగితం మీద రాసిచ్చాడు: సిలిండరు బాగుంది, రింగులు అరిగాయి, అయినా హ్యాండిలు ఒక్క తిప్పుకే ఇంజను అందుకుంది.

“అయితే కొనాల్నా, వద్దా?” అంది అక్కయమ్మ, పిళ్ళప్ప ఇంటికొచ్చి ఆ కాగితం చదివి వినిపించాక.

“ఉండేది రాసినాడు. కొనేది మన ఇష్టమంట.”

“ఆ మాట చెప్పేదానికి మెకానిక్కు ఎందుకు? మన కోడిపుంజు చెప్తాది!”

పిళ్ళప్ప ఆంజనేయస్వామి గుడికి పోయి పువ్వు అడగడానికి కూర్చున్నాడు. విగ్రహానికి అంటించిన పువ్వు కుడివైపు రాలితే కొనాలి, ఎడమవైపు రాలితే మానాలి. పొద్దుగూకినా పువ్వు కదల్లేదు. మర్నాడు మళ్ళీ పోయి కూర్చున్నాడు.

అక్కయమ్మ ఓపిక తెగింది. మూడోనాడు తొలి బస్సెక్కి చెప్పాపెట్టకుండా కృష్ణప్ప తోటకు పోయింది. వేపపుల్ల నోట్లో పెట్టుకుని అతను తెల్లబోయి చూస్తుంటే, నేరుగా ఇంజను మీద అరచెయ్యి ఆనించింది. చల్లగా ఉంది.

“తిప్పప్పా, చూస్తా.”

“ముందు కాఫీ తాగమ్మా...”

“కాఫీ మాయింట్లోనూ ఉండాది. తిప్పు.”

కృష్ణప్ప తిప్పాడు. జీతగాడు తిప్పాడు. ఇద్దరూ కలిసి తిప్పారు. ఇంజను దగ్గిందే కానీ లేవలేదు.

కృష్ణప్ప భార్య ఉండబట్టలేక అనేసింది: “పొద్దున పూట దినామూ ఇంతేనమ్మా. మొన్న మెకానిక్కు వస్తాడని ముందే ముగ్గురు చేరి తిప్పి, వేడి చేసి పెట్టినారు.”

“నువ్వు లోపలికి పో!” అన్నాడు కృష్ణప్ప.

“ఆయమ్మనెందుకప్పా అంటావు? కొత్త రింగులు ఏయించు. ఎల్లుండి పొద్దున మా మొగుడు ఒక్కడే తిప్పుతాడు. లేస్తే బండ్లో ఏసుకుపోతాం. లేయకుంటే నీ ఇంజను నీకే.”

కృష్ణప్ప గొణుక్కుంటూ తలూపాడు.

మధ్యాహ్నం ఇల్లు చేరేసరికి పిళ్ళప్ప వెలిగిపోతూ ఎదురొచ్చాడు.

“కుడివైపు రాలింది! కొనమన్నాడు స్వామి!”

“ఎప్పుడు?”

“ఇప్పుడే.”

“నేను పొద్దున్నే మాట్లాడొచ్చినా. నీ స్వామికి బస్సు తప్పిపోయినట్టుండాది.” అక్కయమ్మ కాళ్ళు కడుక్కుని వచ్చి, మొగుడికి పళ్ళెం పెట్టి, ఎప్పటికన్నా ఇంకో రాగిముద్ద ఎక్కువ వేసింది. “తిను. ఎల్లుండి ఆ హ్యాండిలు తిప్పాల్సింది నువ్వు.”