పెద్ద చేతి ఉప్పు

మొన్న ఆదివారం చిల్లకల్లు దాటాక రోడ్డు పక్కనున్న మామిడి తోటలో మా పిల్లలంతా చేరి భోజనాలు పెట్టుకున్నారు. నన్నూ కారెక్కించి తీసుకెళ్ళారు. వంట పెత్తనం మా తోడికోడలి మనవరాలిది. రొయ్యల్ని పొట్టుతోనే పెద్ద గిన్నెలో వేసి, మొక్కజొన్న పొత్తులూ బంగాళాదుంపలూ కలిపి ఉడకబెట్టి, నీళ్ళు వంచేసి, బల్ల మీద కాగితాలు పరిచి కుమ్మరిస్తుందట. ఫోనులో చూసి నేర్చుకుందట. "ఇది కొత్త వంట పెద్దనానమ్మా, నువ్వెప్పుడూ తినుండవు" అంది. పొయ్యి మీంచి పసుపూ వెల్లుల్లీ కలిసిన ఆవిరి ముఖానికి తగిలేసరికి అరవై ఏళ్ళనాటి కుళ్ళు ఒక్కసారి మేలుకుంది. అసూయ అని పుస్తకాల్లో రాస్తారు గానీ, నాకున్నది అంత నాజూకైనది కాదు, కుళ్ళే.

నేను వీరులపాడు నుంచి నందిగామకు కోడలిగా వచ్చాను. ఆరేళ్ళపాటు ఆ ఇంటికి నేనొక్కదాన్నే కోడల్ని. మావి మెట్ట చేలు, జొన్నా మిరపా తప్ప మరో పంట తెలియని ఇల్లు. మిరపకాయలు ఎండి బస్తాలకెక్కి, ఎండలు ముదిరి, మునేరు సన్నబడి మడుగులు కట్టాక, ఏటా ఒక రోజు పగలు మా బంధువులూ, పాలేళ్ళూ, వాళ్ళ ఇళ్ళవాళ్ళూ అందరం ఏటి ఇసుకలో వండుకు తినేవాళ్ళం. ఇసుకలో గాడిపొయ్యి తవ్వేవాళ్ళు. మా అత్తగారిది ఆ రోజు ఒక్కటే పట్టింపు. పదిమందికి పెట్టే వంటలో ఉప్పు పెద్దకోడలే వెయ్యాలి. గరిటె ఎవరు తిప్పినా సరే, పెద్ద చేతి ఉప్పు పడందే గుండిగ దించకూడదు. ఆమె కూడా కోడలిగా ఉన్నప్పుడు అట్లాగే వేసిందట. అన్నీ వేసి చూడు, నన్ను వేసి చూడు అన్నదట ఉప్పు. ఆ ఉప్పు నా చేతిలో ఉందన్న ధీమాతోనే ఆరేళ్ళు గడిపాను. ఉప్పే కాదు, నా హయాంలో గరిటె కూడా నాదే.

ఆ తర్వాత మా మరిదికి అవనిగడ్డ వైపు సంబంధం కుదిరింది. సముద్రం పక్క పిల్ల, వరి అన్నం తిని పెరిగిన పిల్ల. మాటకు ముందో అండి, వెనకో అండి. వచ్చిన నెలలోనే మామగారికి పేపరు చదివి వినిపించడం మొదలుపెట్టింది. అత్తగారు నన్ను ఆరేళ్ళూ "ఏమే" అనే పిలిచింది, ఆమెను మాత్రం మూడో రోజు నుంచే "చిన్నమ్మాయ్" అంది. ఏకై వచ్చి మేకవడం అంటే ఏమిటో అప్పుడు తెలిసింది నాకు. ఇవన్నీ ఓర్చుకున్నాను. ఓర్చుకోలేనిది ఒకటుంది. నా వంటకు "ఊఁ" తప్ప మరో మాట అనని మా ఆయన, ఒకనాడు ఆమె కాచిన చారు తాగి "బాగుంది" అన్నాడు. ఆ ఒక్క మాటకు నేను వారం రోజులు ఆయనతో సరిగ్గా మాట్లాడలేదు. ఎందుకో ఆయనకు ఎప్పటికీ తెలియలేదు. తెలియకుండానే పోయాడు పాపం.

ఆ ఏడు ఏటి భోజనాల రోజున మగవాళ్ళు మడుగుల్లో వలలేసి రెండు గంపల రొయ్యలు పట్టుకొచ్చారు. మామూలుగా అయితే వాటిని నేను ఒలిచి, చింతపండు పులుసులో వేసి గంటసేపు మరిగించేదాన్ని. మా మెట్టవాళ్ళకు కోడైనా, పొట్టేలైనా, రొయ్యైనా ఒకటే న్యాయం, మెత్తబడేదాకా ఉడకాల్సిందే. రొయ్య మాత్రం ఎంత ఉడికితే అంత చెప్పుతోలయ్యేది. మేమంతా అదే దాని రుచి అనుకుని నమిలేవాళ్ళం. నేను ఒలవడానికి కూర్చోబోతుంటే తోడికోడలు అత్తగారితో మెల్లిగా అంది: "మా ఊళ్ళో కాలవ గట్టు మీద పొట్టుతోనే ఉడకేసుకుంటామండి అత్తయ్యగారూ. ఒక్క పొంగు చాలండి."

మా అత్తగారు ఒక్క క్షణమైనా ఆలోచించలేదు. నా చేతిలోని గరిటె తీసి ఆమె చేతికిచ్చింది. అందరూ చూస్తుండగానే. నేను వెళ్ళి ఉల్లిపాయలు తరిగే వాళ్ళతో కూర్చున్నాను. కళ్ళు ఎర్రబడ్డా ఎవరూ అడగరు కదా.

అక్కడి నుంచి ఆమెనే చూస్తూ కూర్చున్నాను. గుండిగెడు నీళ్ళు ఎసరు పెట్టింది. పసుపు, చితక్కొట్టిన వెల్లుల్లి, మా చేలో పచ్చిమిరపకాయలు, పుల్ల మామిడికాయ ముక్కలు వేసింది. చివరికి మా ఇంటి పట్టింపు సంగతి తెలియక, ఉప్పు కుండలో చెయ్యి పెట్టి మూడు పిడికిళ్ళు వేసేసింది. అది నేను తప్ప ఎవరూ చూడలేదు. "ఉప్పు నేనెయ్యాలమ్మా" అని ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. అంతలో అత్తగారు కేకేసింది: "ఏమే పెద్దదానా, ఉప్పెయ్యవేం? ఎసరు మరుగుతంది."

లేచాను. ఉప్పు పడిందని నాకు తెలుసు, అత్తగారికి తెలియదు. ఉప్పు కుండ దాకా నడిచిన ఆ నాలుగడుగుల్లో నాకు బుద్ధి చెప్పుకునేంత వ్యవధి ఉంది. చెప్పుకోలేదు. పైగా లెక్కేసుకున్నాను. కూడు ఉప్పు కషాయమైతే నాకంటే ముందే ఉప్పు పడిందన్న మాట నేనెత్తుతాను, వండినామె పేరు బయటికొస్తుంది, గరిటె నా చేతికి తిరిగొస్తుంది. రెండు దోసిళ్ళ నిండా రాళ్ళుప్పు తీసి గుండిగలో పోశాను. మూడో దోసిలి కూడా పోద్దును గానీ, ఆమె రొయ్యలు తీసుకుని పక్కకొచ్చి నిలబడింది.

రొయ్యలు పడ్డాయి, ఎర్రబడ్డాయి, ఒక పొంగు వచ్చింది. ఇద్దరు పాలేళ్ళు గుండిగ దించి, నీళ్ళన్నీ ఇసుకలోకి వంచేసి, రొయ్యల్ని తాటాకు చాపల మీద కుప్పపోశారు. అందరూ చుట్టూ కూర్చున్నారు. నేను ఎవరు ముందు ముఖం చిట్లిస్తారా అని ఎదురుచూస్తూ నిలబడ్డాను. ఎవరూ చిట్లించలేదు. చుట్టూ పొట్టు ఒలిచే చప్పుడే. కాసేపటికి మామగారు మీసం తుడుచుకుని, "మునేట్లో రొయ్యకింత రుచుందని ఇన్నాళ్ళూ తెలవలా" అన్నారు. మా ఆయన తలెత్తకుండా తింటున్నాడు. నేనూ ఒకటి ఒలిచి నోట్లో వేసుకున్నాను. ఉప్పు సరిగ్గా సరిపోయింది.

అప్పుడు తోడికోడలు నా చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకెళ్ళింది. "అక్కా, మా దగ్గర రొయ్య ఉప్పునీళ్ళలో పుట్టిద్ది. అందుకని మా అమ్మ మూడు పిడికిళ్ళే వేసిద్ది. నేనూ ఆ లెక్కనే వేసేశా. ఇవి మంచినీటి రొయ్యలని ఆ కంగార్లో తట్టలేదు. పైగా నీళ్ళు వంచేస్తాం గదా, పొట్టు దాటి లోపలికి దిగేది ఎంతని? మీరు చూసి సరిచేశారు గాబట్టి బతికిపోయా" అంది. అంతటితో ఊరుకోకుండా అత్తగారి దగ్గరికెళ్ళి, "రుచి నాది కాదండి, ఉప్పు అక్క వేశారు" అని చెప్పింది. అత్తగారు నన్ను చూసి, "పెద్ద చెయ్యంటే ఊరికేనా" అంది. అన్నేళ్ళలో ఆమె నన్ను మెచ్చుకున్న మాట అదొక్కటే. అది కూడా నేను చేసిన పాపానికి.

ఆ తర్వాత ఏటా ఏటి భోజనాల్లో వంట ఆమెది, ఉప్పు నాది. గరిటె మళ్ళీ నా చేతికి రాలేదు. జనం మమ్మల్ని చూసి, తోడికోడళ్ళంటే ఇట్టా ఉండాలి అనేవాళ్ళు. నా కుళ్ళు మాత్రం తగ్గలేదు సరికదా, మరో కొమ్మ వేసింది. అంతకుముందు ఆమె వంట చూసి కుళ్ళుకునేదాన్ని, ఇప్పుడు ఆమె మంచితనం చూసి కుళ్ళుకున్నాను. మనిషిలో ఎక్కడో ఒకచోట వంకర ఉండొద్దా? వెతికి వెతికి అలిసిపోయాను.

అన్నదమ్ములు వేరుపడ్డాక వాళ్ళు మిరపకాయల వ్యాపారం పెట్టుకుని జగ్గయ్యపేట వెళ్ళిపోయారు. ఆమె చివరి రోజుల్లో ఒక మధ్యాహ్నం చూడ్డానికి వెళ్ళాను. మంచం మీద పడుకుని, నా చెయ్యి పట్టుకుని ఉన్నట్టుండి నవ్వింది. "అక్కా, ఆ రోజు మీరు దోసిళ్ళతో పోస్తుంటే మీ ముఖం చూశాను. సరిచెయ్యడానికి పోసిన ముఖం కాదది" అంది. "మరి అత్తయ్యతో అట్టా ఎందుకు చెప్పావే?" అన్నాను. "కొత్తగా వచ్చినదాన్ని. అప్పటికే మీ చేతిలోంచి గరిటె లాక్కున్నా. ఉప్పైనా మీకు మిగలొద్దా?" అంది. ఆ ఇంట్లో నా కుళ్ళును ఎరిగిన మనిషి ఆమె ఒక్కతే. ఎరిగి కూడా నాకు చోటు మిగిల్చింది. క్షమించమని అడగాలనుకున్నాను. అంతలో మాత్ర వేళయిందని వాళ్ళ కోడలు నీళ్ళు తెచ్చింది. నెల తిరక్కుండానే ఆమె పోయింది.

మొన్న తోటలో మనవరాలు ఉప్పు డబ్బా తెచ్చి నా ముందు పెట్టింది. "ఇంకా వెయ్యలేదు పెద్దనానమ్మా. పదిమందికి వండితే ఉప్పు నీ చేతే వేయించమని మా నానమ్మ చెప్పేది" అంది. ఇద్దరు రెక్కలు పట్టుకుంటే లేచి పొయ్యి దాకా వెళ్ళాను. ఈ వయసుకు నాకు కుళ్ళుకోవడానికి మనుషులెవరూ మిగల్లేదు. ఉన్న ఒక్కదాన్నీ కాలం తీసుకుపోయింది. అందుకని ఎవరి మీదా కసి లేకుండా, కళ్ళు తుడుచుకుంటూ, ఆనాటిలాగే రెండు దోసిళ్ళు వేశాను. తిన్నవాళ్ళంతా ఉప్పు తక్కువైందన్నారు. ముందుగా మూడు పిడికిళ్ళు వేసే చెయ్యి లేదు మరి.