నలభై ఒకటో పత్రం

మా ఇంటి పై గదిలో ఆరేళ్ళు అద్దెకున్న పరిశోధకురాలు పోయిన ఆదివారం కన్నుమూసింది. ఆమె తమ్ముడు ఫోను చేసి, "సార్, అక్క లేదు. పొద్దుగాల ప్రార్థనకు లేపుతే పలుకలే" అన్నాడు. ఫోను పెట్టేసి, పాత అలవాటు కొద్దీ, పైకప్పు వైపు చూశాను. ఆమె ఖాళీ చేసిన తరువాత ఆ గదిని మేము ఎవరికీ ఇవ్వలేదు. చప్పుడేమీ లేదు.

విశ్వవిద్యాలయంలోని బిజినెస్ మేనేజ్‌మెంట్ శాఖలో పరిశోధనకు చేరి, నల్లగొండ దిక్కు పల్లె నుంచి ఒక ట్రంకు పెట్టెతో, ఒక ఇనుప కుర్చీతో ఆమె మా నాచారం ఇంటికి వచ్చింది. అప్పుడు నేను ఉప్పల్‌లోని ఒక బడిలో తెలుగు చెప్పేవాణ్ణి. మిల్లు కార్మికులు పనికి నాగా ఎందుకు పెడతారన్నది ఆమె అంశం. ఆమె ప్రశ్నల పత్రాన్ని తెనిగించి ఇచ్చిన వాణ్ణి నేనే. "విధులకు హాజరు కాకపోవుటకు గల కారణములను వివరింపుడు" అన్న నా వాక్యం చదివి ఆమె పడీపడీ నవ్వింది.

"సార్, గిట్ల అడిగితే నన్ను పోలీసోళ్ళ మనిషనుకుంటరు."

"వాక్యంలో దోషమేమైనా ఉందా, అమ్మా?"

"దోషం లేదు సార్. గదే భయం."

పత్రం మీద నా వాక్యం అలాగే ఉండిపోయింది. మిల్లు గేటు దగ్గర మాత్రం ఆమె "ఎందుకు రాలే అన్నా ఆ దినం?" అనే అడిగింది.

ఆమెకు ఒక పద్ధతి ఉండేది. సాయంత్రం వచ్చి, కుర్చీ జరుపుకుని కూర్చుని, ఆనాటి జవాబులను చెప్పిన మనిషి గొంతుతోనే పైకి చదివేది. ముందు కుర్చీ కాళ్ళు గచ్చు మీద గీసుకున్న చప్పుడు, ఆ వెంటనే ఒక ముసలివాడి దగ్గు, ఒక ఆడమనిషి విసుగు. పైన పదిమంది ఉన్నట్టుండేది. మొదట్లో మా ఆవిడ హడలిపోయి, చాయ్ ఎన్ని కప్పులు పెట్టాలని అడిగేది. "మనిషి గొంతు ఇనవడకపోతే ఆ జవాబు ఎవరిదో నాకు తెల్వదు సార్" అనేది ఆ అమ్మాయి.

నలభై ఒకటో పత్రం చదివిన సాయంత్రం కరెంటు లేదు. అది మిల్లు హాజరు పట్టీలో వరుసగా మూడు రోజులు తప్ప ఏళ్ళ తరబడి ఒక్క నాగా లేని కార్మికుడిది. ఆ మూడు రోజుల గురించి అతను చెప్పిన మాటలు మెట్ల మీదుగా దిగివచ్చాయి.

"ఆ దినం పానం బాగలేకుండె. పని నడిమిట్ల ఇంటికొచ్చిన. గోడ దిక్కు తిరిగి పండుకున్న. ఇంటామె చాయ్ తెచ్చి పిలిచింది. ఇనవడ్డది గని, పలుకరాలే."

తరువాత ఏమీ లేదు. ఆ అమ్మాయి కిందికి వచ్చి పత్రం చూపించింది. సర్వీసు ఎన్నేళ్ళన్న గడి ఖాళీగా ఉంది. అసంపూర్ణ వాక్యాన్ని నేను ఏనాడూ క్షమించలేదు. "ఇంటికి వెళ్ళి పూర్తి చేయించుకో" అన్నాను. పంపింది నేనే.

ఉప్పల్‌లో, పట్టీలో ఉన్న చిరునామాకు వెళితే ఒక స్త్రీ తలుపు తీసిందట. "ఆయన లేడమ్మా." ఎప్పుడొస్తాడని అడిగితే గోడ వైపు చూపించింది. పటం, దానికి దండ. ఇంతలో గేటు దగ్గర జవాబులు చెప్పిన మనిషే పెరటి నుంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి, ఆ పటం కిందే నిలబడ్డాడు.

"పేరు మా అన్నది మేడం. బిళ్ళ మా అన్నది. పని నాది. రాయకుండ్రి. రాస్తే మా వదిన పొయ్యి ఆరుతది."

మిల్లు గేటులో చూపించే ఇత్తడి బిళ్ళ మీద బొమ్మ ఉండదు, నంబరే ఉంటుంది. అన్న పోయిన నాలుగో రోజున తమ్ముడు ఆ బిళ్ళ పట్టుకుని లోపలికి నడిచాడు. అన్న పేరుకు పలికీ పలికీ, అన్న చివరి రోజును తనదిగా చెప్పాడు.

ఆమె గైడుకు ఆ పత్రమంటే మోజు. ఆ మూడు రోజులు తప్ప నాగా పెట్టని కార్మికుడు అతనొక్కడే. తీయవద్దన్నారు. నిజం చెబితే అది మిల్లు మేనేజరు చెవికి చేరుతుంది; సర్వేకు అనుమతి ఇచ్చింది ఆయనే. ఆమె "ఆ మనిషి దొరకలే సార్" అని మాత్రం గైడుతో అన్నది. గేటు దగ్గర కలిసిన మిగతా అందరినీ ఇళ్ళకు పోయి మళ్ళీ చూసి వస్తానని ఏడాది గడువు అడిగింది. ఆ ఏడాదే శాఖలో, పరిశోధన ముగించినవాళ్ళకు, లెక్చరరు పోస్టు పడింది. తోటి పరిశోధకుడొకడు మా మెట్ల మీద నిలబడి, "అక్కా, ఒక్క ఫారం కోసం నౌకరీ ఖరాబ్ చేసుకుంటవా? మేం క్యాంటీన్ల కూసొని పది నింపినం, ఎవడడిగిండు?" అన్నాడు.

"నింపినప్పుడు నీకు గొంతులు ఇనవడ్డయా తమ్మీ?"

ఆ పోస్టు అతనికే వచ్చింది. ఆమె ఆ ఇనుప కుర్చీని పై గదిలోనే వదిలి వెళ్ళి, మేడిపల్లి అవతల ఒక చిన్న కాలేజీలో చివరిదాకా పాఠాలు చెప్పింది. నిజం నాకొక్కడికే చెప్పింది. ఇప్పుడు ఆ మిల్లు లేదు, ఆ బిళ్ళలూ లేవు, అందుకే రాస్తున్నాను.

ఆమె కోసం చర్చిలో పెట్టిన ఆదరణ కూడిక ముగిసిన సాయంత్రం, అక్కడ వెనుక బల్ల మీద కూర్చున్న ఒక మనిషి నా వెంట ఇంటిదాకా వచ్చాడు. "సార్, మేడం పుస్తకంల మా అన్న ఉన్నడా?" అని అడిగాడు. ఆమె నాకిచ్చిన సిద్ధాంత గ్రంథం తీసి, చివర జత చేసిన పత్రాలు తిప్పాను. నలభై, ఆపైన నలభై ఒకటి: అంకె ఒక్కటే, కింద తెల్లకాగితం. అతను దాని మీద అరచేయి ఆనించాడు.

నా బుద్ధి ఎక్కడికి పోతుంది? "ఒక గడి మిగిలిపోయింది. సర్వీసు ఎన్నేళ్ళు?" అన్నాను.

"ఎవలియి సార్? ఆయనయా, నాయా?"

అంతలో పైన, తాళం వేసిన గదిలో, కుర్చీ కాళ్ళు గచ్చు మీద గీసుకున్నాయి. ఇద్దరం తలలెత్తి, గొంతు కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాం.